మాయాబజారునందలి శశిరేఖాహరణ విచారము

విజయావారి మాయాబజారు 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన వెలువడినది. కె. వి. రెడ్డిగారు దర్శకులు, మాటలును పాటలును పింగళి నాగేంద్రరావుగారివి. శశిరేఖ వ్యాసభారతమున లేదు. అందు అభిమన్యుని భార్య విరాటపుత్రి యగు ఉత్తరయే. శశిరేఖాకథ జనశ్రుతివలన బ్రతికి, 1936లోనే ఒకమారు చలనచిత్రమైనది. కావున మూలవిరోధమను ఆక్షేపణ నిచ్చట తెచ్చుట వ్యర్థము. విచారింపవలసినది వేఱొకటి: ఇష్టములేని పెండ్లినుండి కన్యకను తప్పించు నీ కథ ఆమె సంకల్పమునకు ఎంత చోటిచ్చినది?

భాగవతమున రుక్మి తన చెల్లెలిని శిశుపాలునకు ఈయదలచెను. రుక్మిణి ఊరక విలపింపలేదు. బ్రాహ్మణునిచే సందేశమంపినది, ఎప్పుడు ఎక్కడనుండి తన్ను కొనిపోవలెనో ఆ ఉపాయమును తానే చెప్పినది. సుభద్రను బలరాముడు దుర్యోధనునకు ఈయనెంచగా నామె అర్జునునితో వెడలినది. మాయాబజారున ఆ సుభద్రయే వరుని తల్లి; ఆ బలరాముడే మరల కౌరవులకు కన్యనీయ బూనినవాడు. ఒక తరమున తప్పిన సంబంధమే మఱుతరమున తలుపు తట్టుచున్నది. ఈ సంఘటన మిక్కిలి సొగసైనది. ఇక ఉషాకథయందు చిత్రలేఖ ద్వారకలో నిద్రించు అనిరుద్ధుని యోగబలమున కొనిపోవును. ఇచ్చట ఆ ద్వారకనుండియే ఘటోత్కచుడు నిదురించు శశిరేఖను పాన్పుతోడ గొనిపోవుచున్నాడు.

ఈ నిద్రయే చిక్కు. నిదురించు కన్యను రహస్యముగా పొందుట పైశాచమనియు, ఏడ్చుచున్నదానిని బలిమిచే గొనిపోవుట రాక్షసమనియు మనువు నిర్వచించెను. హర్త రాక్షసుడే యైనను ఇందు రాక్షసము లేదు. ఎవ్వరును చావలేదు, కన్యక ఏడ్వలేదు. పైశాచమును లేదు, మేల్కొన్న పిదపనే వరుని తల్లి యెదుట యథావిధిగా పాణిగ్రహణము. పరస్పరానురాగమున్నది గనుక గాంధర్వచ్ఛాయ కలదు. ధర్మదృష్టిచే దోషము లేదు. కాని ఉపాయమంతయు కృష్ణునిది, నిర్వహణము ఘటోత్కచునిది. రుక్మిణి చేసినపని శశిరేఖకు మిగులలేదు.

మఱియు నీ కథలో ప్రేమకు పెద్దల మాటయే ఆధారము. శశిరేఖ నభిమన్యునకిత్తుమని బాల్యముననే అనుకొన్నారు. పాండవులు రాజ్యము కోల్పోగానే రేవతి మనసు మాఱినది. కన్యక పెద్దల నతిక్రమించినది కాదు, పెద్దలే తమ మాట నతిక్రమించిరి. ఘటోత్కచుని అనుచరులు పలుకు 'అసమదీయులు', 'తసమదీయులు' అను శబ్దము లిచ్చట స్మరణీయములు. అస్మచ్ఛబ్దమునకు వృద్ధసంజ్ఞ కలుగుటచే ఛప్రత్యయము వచ్చి 'అస్మదీయ' యగును. అందు స్వరమొకటి చేరుట రాక్షసోచ్చారణమునకు చెల్లును. 'తసమదీయ' శబ్దమునకు మాత్రము ప్రకృతియే లేదు. తచ్ఛబ్దమునకు 'తదీయ' యనియే రూపము. పండితులు కోపింప బనిలేదు. అనుకరణమున ఏ దోషమును దోషము కాదని ఆలంకారికులు చెప్పియే యున్నారు. పైగా నా శబ్దము కథకు తగియున్నది. నిన్నటి అస్మదీయ యగు ఆడుబిడ్డ సంపద పోగానే రేవతికి పరాయిది. అట్టి మాఱుటకును ప్రకృతి లేదు.

ఇంతటితో నిలిచినచో శశిరేఖ బొమ్మయే యని తీర్పు చెప్పవలసివచ్చెడిది. కాని ఘటోత్కచుడు ఆమె రూపమును ధరించి పెండ్లికూతురై అంతఃపురమున నిలుచుటతో విషయము తలక్రిందైనది. రెండు శశిరేఖలును సావిత్రిగారే. ఆ సుకుమారశరీరమున మగనడకయు, మీసము దువ్వబోయిన చేయియు తోచునట్లు చేసిన నటనము సామాన్యము కాదు. పెండ్లివేడుక పాటలో సుశీలగారి కంఠము నడుమ ఘంటసాలవారి కంఠము వెలికి దూకుటయు నట్టిదే. లక్ష్మణకుమారునిపై రేగిన కోపమంతయు నీ మాయారూపమున వ్యక్తమగుచున్నది. కులకన్య నోట రాగూడని నిరాకరణము రాక్షసుని ముఖమున వచ్చినది. అట్లు వచ్చుటచేతనే ప్రేక్షకులలోని పెద్దలును నొచ్చుకొనక నవ్విరి. వారి యిండ్ల కన్యలు ఏ రూపమును చూచి నవ్విరో వేఱుగా చెప్పనేల?

నిజశశిరేఖకు నిద్రకు ముందు ఒక్క సందేశవాక్యమైన నిచ్చియుండినచో నీ కొఱత తీఱెడిది. ద్వారకలో మాయాశశిరేఖ వరుని పాదమును త్రొక్కుచుండగా, ఘటోత్కచాశ్రమమున నిజశశిరేఖ అన్ని పెండ్లికూతుళ్లవలెనే తల వంచుకొని యున్నది.