ఛాయాచిత్రంలో నేల, నీరు, మనిషి

తాల్‌బగీచా అనే బెంగాలీ మాటకు తాటితోట అని అర్థం. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఈ పేట పేరే ఒకనాటి నేల స్వరూపాన్ని గుర్తుచేస్తుంది. నేటి వీధిని ఎంత చక్కగా చిత్రించినా ఆ విషయం తెలియదు. ఛాయాచిత్రం చూపేది ఒక్క క్షణాన్నే; ఆ నేల అలా మారడానికి కారణాలను పేర్లు, శాసనాలు, జ్ఞాపకాలు చెప్పవలసి ఉంటుంది. బౌద్ధ క్షేత్రాల చిత్రాలను పరిశీలించేవారు ఈ పరిమితిని మరువరాదు.

అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, దాంతన్ సమీపాన మొగల్‌మారి ఉన్నది. కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ దత్త నేతృత్వంలో 2003–04లో అక్కడ తవ్వకాలు ఆరంభమై, గచ్చు అలంకరణలు గల ఇటుక విహారం వెలుగుచూసింది. గోడ అలంకరణను దగ్గరగా చూపే చిత్రం శిల్పచరిత్రకు ఎంతో ఉపయోగకరం. అయితే దిబ్బను ఆనుకొని జీవిస్తున్న ఊరిని చట్రం వెలుపల ఉంచినపుడు, విహారం నిర్జన శిథిలమన్న భ్రమ కలుగుతుంది.

తెలుగునాట నాగార్జునకొండ ఈ ప్రశ్నను మరింత తీవ్రంగా ముందుంచుతుంది. 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల ఫలితాలు 1938లో గ్రంథరూపం పొందాయి. అందులోని చిత్రాలకు ప్రధాన విషయం స్తూపాలు, శిల్పఫలకాలు. నాగార్జునసాగర్ ముంపు తప్పదని తేలిన పిదప, 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో సాగిన తవ్వకాలు లోయ మొత్తాన్నీ పరిశీలించాయి. కృష్ణ ఒడ్డున మెట్ల రేవు, రాతి మెట్ల కోనేరు, ప్రేక్షక మండపం వెలుగులోకి వచ్చాయి. ఇక్ష్వాకుల కాలంలోనే మనిషి ఆ నీటికి దారులు, హద్దులు ఏర్పరచాడని వాటి చిత్రాలు తెలుపుతాయి. విశిష్ట శిల్పాన్ని ఒంటరిగా నిలిపే చిత్రం కంటే, ఇటువంటివే క్షేత్ర చరిత్రకు బలమైన సాక్ష్యాలు.

1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. తరువాత లోయ మునిగి, కొండ ద్వీపమైంది. కొన్ని ప్రధాన కట్టడాలను కొండపైన, మరికొన్నిటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. నేడు పడవ నుండి తీసే చిత్రాలలో విశాలమైన నీలిజలాల నడుమ స్తూపం కనిపిస్తుంది. ఆ దృశ్యాన్ని ప్రకృతి సౌందర్యమని వర్ణించడం పొరపాటు. ఆ జలాశయం మానవ నిర్మితం. ఆ స్తూపం తరలివచ్చినది. నీటి అడుగున పొలాలూ, ఊళ్లూ ఉన్నాయి. అదే నీరు దూరాన వేరే పొలాలను తడుపుతున్నది. ఈ లాభనష్టాలలో దేనినీ చిత్రం తానుగా చెప్పలేదు.

ప్రతీత్యసముత్పాదాన్ని అధ్యయనం చేసేవారికి ఇందులో కొత్తదనం లేదు: కారణాల నుండి విడదీసిన వస్తువు సగమే అర్థమవుతుంది. కావున క్షేత్ర చిత్రాలను ప్రచురించేటపుడు తీసిన తేదీ, దిశ, కట్టడం మూలస్థానంలో ఉన్నదా తరలించినదా, చుట్టూ ఏ ఊరు, ఏ నీరు ఉన్నవి అనే వివరాలు చిత్రం క్రిందనే ఇవ్వవలెను. అవి లేని చిత్రాన్ని అలంకారంగా వాడవచ్చునే గాని, ప్రమాణంగా స్వీకరించరాదు.