లెక్కకు అందని పద్దు: ‘యజ్ఞం’ కథలో వ్యవసాయ నిర్వహణ

భారీ వ్యవసాయం అనగానే వందల ఎకరాల కమతం, యంత్రాలు స్ఫురిస్తాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత కూడా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో సాగు ఎక్కువగా చిన్న కమతాల్లోనే జరిగింది. పంటపై పెత్తనం మాత్రం రైతుకు దక్కలేదు. గోగునారకు నెల్లిమర్ల వంటి చోట్ల జూట్ మిల్లులు, చెరకుకు చక్కెర కర్మాగారాలు కొనుగోలుదార్లయ్యాయి. చెరకు రైతుకు పొలం సొంతమే అయినా, ఎక్కడికి తోలాలో ప్రాంత కేటాయింపు, ఎప్పుడు నరకాలో కటింగ్ ఆర్డరు నిర్ణయించేవి. అందువల్ల ఇక్కడి భారీతనాన్ని భూవిస్తీర్ణంలో కంటే అప్పు, ధర, గడువుల నిర్వహణలో వెతకడం సమంజసం. ఈ మూడింటిలో అప్పు పనిచేసే తీరును కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) నిశితంగా చూపింది.

కథావస్తువు పైకి ఒక బాకీ తగవు. సుందరపాలెం పంచాయితీలో అప్పల్రాముడి అప్పు తేలాలి. పెద్దమనిషి శ్రీరాములునాయుడు క్రూరుడు కాడు. ఊరి బాగు కోరినవాడు. కథాబలం ఇక్కడే ఉంది. ఒక దుర్మార్గుడిపై నేరం మోపి పాఠకుడు తప్పుకోలేడు. బాకీ నిజం, తీర్పు ధర్మసమ్మతం, ఫలితం కంబారితనం.

సీతారాముడు కన్నబిడ్డను చంపే ముగింపు చుట్టూ చర్చ విస్తృతంగా జరిగింది. అప్పల్రాముడి సుదీర్ఘ వాదనకు అంత శ్రద్ధ దక్కలేదు. శిల్పదృష్టితో చూస్తే ఆ భాగం కథాగమనాన్ని ఆపుతున్నట్లు తోచవచ్చు. అయితే రెండు లెక్కలు ఎదురెదురుగా నిలిచేది అక్కడే. పంచాయితీ లెక్క అప్పు పుట్టిన నాడు మొదలవుతుంది. అప్పల్రాముడి లెక్క ఊరి ఆర్థికచరిత్రతో మొదలవుతుంది. మొదటిదానిలో అతడు బాకీదారు. రెండవదానిలో ఊరి ఎదుగుదలకు మూల్యం చెల్లించినవాడు. పంచాయితీ రెండవ లెక్కను వింటుంది గాని, దానిని జమకట్టడానికి దాని చిట్టాలో పద్దు లేదు.

ముగింపును ఈ వెలుగులో చదవాలి. రాబోయే తరం శ్రమ కూడా తాకట్టు పడుతున్నప్పుడు సీతారాముడు ఆ ఖాతాను తన చేతులతో మూసివేస్తాడు. ఈ చర్యను తిరుగుబాటుగా కీర్తించడం తేలిక కాదు. బలి అయినది పసివాడు. అప్పు నడిపిన వ్యవస్థ చెక్కుచెదరలేదు. కథ ఈ పరిమితిని దాచదు.

ఉత్తరాంధ్ర వ్యవసాయ కథలను భూస్వామి, కూలీల సంఘర్షణగా మాత్రమే వర్గీకరించే పద్ధతికి ‘యజ్ఞం’ లొంగదు. భూమి ఎవరిదన్న ప్రశ్నతో పాటు లెక్క ఎవరు రాస్తారు, ఎక్కడినుంచి మొదలుపెడతారు అన్న ప్రశ్నను కూడా అది విమర్శ ముందుంచుతుంది.