బృందగానము – నాయక పరంపర

మన సంగీతమున ఒక కంఠము నడుపగా తక్కినవి అనుసరించును. పలు కంఠములను వేర్వేరు స్వరములలో నడిపి ఒక్క నాదముగా కూర్చుట పాశ్చాత్య పద్ధతి. ఈ రెంటికిని పొత్తు కుదిర్చిన వారిలో ఎం.బి. శ్రీనివాసన్ గారు ముఖ్యులు. బర్గూరువారమగు మనకు దూరము గాని చిత్తూరున 1925లో జన్మించిరి.

మలయాళ చలనచిత్ర సంగీతమున పేరొందిన వీరు 1970 దశకారంభమున మద్రాసు యూత్ క్వయర్‌ను నెలకొల్పి, సుబ్రహ్మణ్య భారతి గీతములను, పలు భారతీయ భాషల పాటలను బృందముచే పాడించిరి. పలువురు కలసి పాడునపుడు గమకముల సొగసు కొంత తగ్గును; అది ఈ పద్ధతి లోపమే. కాని పదము స్పష్టమగును, పాటకు బలము చేకూరును.

1988లో వీరు లక్షద్వీపమున దివంగతులైరి. పిదప శిష్యులు డి. రామచంద్రన్ గారు బృందమును నడిపిరి. గురువు లేనినాడును పాట నిలిచినది. మా దృష్టిలో నాయకుని ప్రతిభకు ఇదియే గీటురాయి.

మన పిల్లలలో పలువురు తమిళమున చదువుకొనుచున్నారు. తెలుగు లిపి దూరమైనను తెలుగు పాట నోట నిలువగలదు. అందులకు పాడువారు మాత్రమే చాలరు. పాడించువారిని గూడ తరతరమునకు సిద్ధము చేసికొనవలెను.