రవిక మెడ ఎవరి మాట?

పెళ్ళి పట్టుచీర రంగూ జరీ అంచూ తరచుగా పెద్దవాళ్ళే తేలుస్తారు. అమ్మాయికి మిగిలేది రవిక: మెడ ఎంత లోతు, చేతులెంత పొడవు, మగ్గం వర్క్ ఎక్కడ. దీన్ని ‘ఆడవాళ్ళ సరదా’గా కొట్టిపారేయలేం. ఈ ఎంపిక వెనుక చరిత్ర ఉంది. మన బ్రాహ్మణ ఇళ్ళల్లో ఒకప్పుడు వితంతువుకి రవిక నిషిద్ధం. తిరువాంకూరులో 1859 నాటి రాజప్రకటన నాడార్ స్త్రీలను రొమ్ము కప్పుకోనిస్తూనే, అగ్రకుల స్త్రీల పద్ధతిలో మాత్రం వద్దంది. అంటే అక్కడ తగాదా గుడ్డతో ఆగలేదు, తీరు దాకా వచ్చింది. ఇవాళ ‘అత్తగారివాళ్ళేమనుకుంటారో’ అని వీపు మీద టేపు రెండంగుళాలు పైకి జరిగితే, జరిగింది టేపు ఒక్కటేనా? లోతైనా, నిండైనా సరే. ఆ కొలత చెప్పే నోరు ఎవరిదన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.