కాడలు ఊడని సంచి

ఈ వారం ఓ పెళ్ళిలో తాంబూలం పెట్టి తెల్లటి గుడ్డసంచి చేతికిచ్చారు. దాని మీద ప్లాస్టిక్ మానేసి భూమిని కాపాడమని ఆకుపచ్చ అక్షరాలు. లోపలి స్టీలు గిన్నెకు చుట్టింది మాత్రం ప్లాస్టిక్ కవరే. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటివి మా బీరువా అడుగున ఒకదాంట్లో ఒకటి దూరి ఇప్పటికే బోలెడున్నాయి.

కొత్త గుడ్డ కోసి సంచి కుట్టడం నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలిసిందే. ఈ జబ్బు మా పెద్దమ్మ అంటించింది. ఆవిడ తొక్కుడు మిషను మీద పెదనాన్న టెరికాటన్ ప్యాంట్లు సంచులయ్యేవి. ప్యాంటు చిరిగేది మోకాళ్ళ దగ్గర, కూర్చునే చోట. మోకాలి కింద గుడ్డ గట్టిగానే ఉంటుంది. అక్కడికి కోసేస్తే కాలి మడతే సంచి మూతి, మళ్ళీ కుట్టే పనుండదు. తిరగేసి అడుగున రెండు వరసలు కుట్టి, మూలలు రెండూ నొక్కిపట్టి అడ్డంగా ఓ కుట్టు వేస్తే సంచి నేల మీద నిలబడుతుంది. నడుం పట్టీ ఎలాగూ బిరుసు, కాడలు దాంతోనే. కాడ అతికే చోట నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేసేది. ‘‘బరువంతా అక్కడే పడుద్దిరా’’ అనేది. బెల్‌బాటం రోజుల్లో ఆవిడకు పండగే, కాలికో వెడల్పాటి సంచి! పట్టుచీరలు మాత్రం ముట్టేది కాదు, మడతల దగ్గర పిగిలిపోతాయని. ప్లాస్టిక్ బియ్యం సంచులకైతే కుట్టు దూరం దూరంగా వేసేది. దగ్గరగా వేస్తే సూది చిల్లుల వెంటే పర్రున చిరుగుతుంది.

డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఓ లెక్క చెప్పింది. దుకాణంలో ఇచ్చే ప్లాస్టిక్ సంచి కన్నా కొత్త నూలు సంచి అన్ని విధాలా మేలనిపించుకోవాలంటే 7,100 సార్లు వాడాలట. వారానికోసారి రైతుబజారుకు పట్టుకెళ్తే 136 ఏళ్ళు! పెళ్ళివారిని దులిపెయ్యడానికి ఇంకేం కావాలి? కానీ అదే నివేదికలో, వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే 52 సార్లు చాలని ఉంది. వారానికోసారి చొప్పున ఒక్క ఏడాది.

ఏడాదంటే ఏ గుడ్డయినా ఆగుతుంది, కాడ ఊడకపోతే. ఆ పెళ్ళిసంచి కాడలు లాగి చూశాను. ఒంటి కుట్టు, అదీ అంటీ అంటనట్టు. రెండు కిలోల టమాటాలకే వదిలేసే రకం. గుడ్డ మాత్రం భేషుగ్గా ఉంది. నా కోపం గుడ్డ మీద కాదు, కుట్టు మీద ఉండాల్సింది.

పాతబట్టలతో కుట్టే మనవాళ్ళూ తక్కువ తినలేదు. చిరిగిన జీన్సు కనబడితే చాలు, మరో సంచి తయారు. బీరువాలో సంచులుండగా అదీ దండగే. ఆ జీన్సు నడుం పట్టీ కోసి, ఉన్న సంచులకు కాడలు వేయండి. మిషను లేకపోతే వీధి చివర ఆల్టరేషన్ టైలరుకిచ్చి, ఇంటూ గుర్తు వేయమని మరీ మరీ చెప్పండి.