పోటు ఎరిగిన పిల్లలకు పోటు పాఠం

కోనసీమలో గిరిజనులంటే కొండ గూడేలు కాదు. ఊరి చివర, ఏటిగట్ల వెంట ఉండే ఎరుకల, యానాది కుటుంబాలు. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడ వల వేసే ఇంట పుట్టిన పిల్లకు పోటు, పాటు అనే మాటలు బడి నేర్పనక్కరలేదు. రేపటి పోటు ఇవాళ్టి కన్నా ముప్పావుగంట, గంట ఆలస్యమని తెలుసు. అమావాస్యకూ పున్నమికీ నీరు బాగా లేస్తుందని, అష్టమికి అంత లేవదని తెలుసు.

అదే పిల్ల బడిలో పెద్ద తెర ముందు కూర్చుని ఆటుపోట్ల పాఠం చూస్తుంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు వచ్చాయి, ఆ తరువాత తరగతి గదుల్లోకి తెరలూ వచ్చాయి. రావడం మంచిదే. చంద్రుడు భూమి చుట్టూ తిరగడాన్ని సుద్దముక్కతో చూపడం ఎంత కష్టమో టీచర్లకు తెలుసు. మా పేచీ పాఠం కట్టిన తీరుతోనే.

మేం చూసిన ఒక పాఠం సంగతి చెబుతాం. ఎవరు తయారుచేశారన్నది ముఖ్యం కాదు, అలాంటివి చాలా ఉన్నాయి. భూగోళం తిరుగుతోంది. వెనక సంగీతం. ఇంగ్లీషులో గబగబా ఒక గొంతు, అవే మాటలు కింద అక్షరాల్లో. మూలన ఒక కార్టూన్ బొమ్మ ఊరికే చేతులూపుతోంది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అర్థమైందా అంటే అయిందన్నారు. మన పిల్లలు కాలేదని ఎప్పుడన్నారు గనక!

మనసు ఒకేసారి మోయగల బరువుకు హద్దుందని జాన్ స్వెల్లర్ 1988లోనే రాశాడు. బొమ్మ, మాట కలిస్తే నేర్పు పెరుగుతుందని, అయితే అక్కరలేని సంగీతం, అలంకారం తీసేయాలని, పాఠాన్ని ముక్కలుచేసి పిల్లలు ఆపుకోగలిగేలా ఇవ్వాలని రిచర్డ్ మేయర్ చెప్పాడు. చెప్పే మాటనే మళ్లీ తెర మీద అచ్చువేయవద్దనీ అన్నాడు. ఇక్కడ మేం కాస్త ఆగుతాం. ఆయన పరీక్షలు ఎక్కువగా అమెరికా కాలేజీ విద్యార్థుల మీద జరిగాయి. వినే భాష సొంతం కానివాళ్లకు అచ్చుమాట సాయపడవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. మన పిల్లలు ఆ రెండోవాళ్లు. కాబట్టి అక్షరాలు ఉండనివ్వండి, కానీ తెలుగులో ఉండనివ్వండి. 2004లో మన రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. ఎరుకల భాష అందులో లేదు. తెరపాఠాల దాకా అది ఎప్పుడొస్తుంది?

భాష కన్నా పెద్ద లోటు మరొకటుంది. నేర్చేవాడికి ముందే ఏమి తెలుసో కనుక్కుని అక్కడి నుంచి చెప్పమని డేవిడ్ ఆసుబెల్ 1968లో రాశాడు. ఆ పాఠంలో పిల్లను ఒక్క ప్రశ్నా అడగలేదు. పోటు రోజూ ఎందుకు ఆలస్యమవుతుందని మొదలుపెడితే? ఊహించి చెప్పమని వీడియో అక్కడ ఆగితే? ఒక రోజులో చంద్రుడు సుమారు 12 డిగ్రీలు ముందుకు జరిగిపోతాడు. భూమి ఆ కాస్తా అదనంగా తిరిగి అతన్ని అందుకోవడానికి దాదాపు 50 నిమిషాలు పడుతుంది. నాన్న వల భుజాన వేసుకుని బయలుదేరే వేళ రోజూ ఎందుకు మారుతుందో పిల్లకు అప్పుడు తెలుస్తుంది. తనకు తెలిసింది సైన్సేనని కూడా తెలుస్తుంది. దాన్ని ఇన్నాళ్లూ బడి బయటే వదిలి రమ్మన్నాం.

పాఠాలు మారేదాకా టీచరు ఊరుకోనక్కరలేదు. గొంతు ఆపేసి బొమ్మ మాత్రం నడిపించవచ్చు. చంద్రుడు కదిలిన చోటల్లా ఆపి, తెలుగులో అడగవచ్చు. రేవు మెట్ల మీద పెద్దవాళ్ల తోడుతో నీటి గుర్తులు గీయించి, పదిహేను రోజులు రాయించి, ఆ కాగితాన్ని తెర పక్కన అంటించవచ్చు.

ఆ రాతల్లోంచే వీడియోలో లేని ప్రశ్న ఒకటి వస్తుంది. అంతర్వేదిలో పోటు లేచిన వేళకే ఏటి ఎగువ రేవులో ఎందుకు లేవదు?