తిరునాళ జనానికి టైమ్‌లాప్స్ లెక్క

టైమ్‌లాప్స్ అనగానే మబ్బుల పరుగు, పువ్వు విచ్చుకోవడం, పొద్దుగూకడం గుర్తొస్తాయి. కొత్త ఫోన్ చేతికొచ్చిన వారంలో అందరూ తీసేవి అవే. మబ్బు కెమెరాకు అడ్డం రాదు, స్టాండు కాలు తన్నుకుని పోదు, ‘ఏం తీస్తాండావన్నా?’ అని అడగదు. జనాన్ని తీయడం వేరే విద్య. అందులోనూ తిరునాళ జనాన్ని.

మన దేశంలో ఈ విద్య తొలినాళ్ల కథ ఒక బఠాణి గింజది. సినిమా తీస్తానంటే డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రాని రోజుల్లో దాదాసాహెబ్ ఫాల్కే బఠాణి గింజ నాటి, అది మొలకెత్తి మొక్కయ్యేదాకా ఒక్కో ఫ్రేమూ తీస్తూ పోయారు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదల కాకముందు సంగతి ఇది. రోజుల తరబడి సాగిన ఎదుగుదల తెరమీద చిటికెలో అయిపోయేసరికి చూసినవాళ్లకు ఆయన మీద గురి కుదిరింది. సూత్రం ఈనాటికీ అదే. తీసేటప్పుడు ఎడం పెట్టి తీయాలి, చూపేటప్పుడు ఎడం లేకుండా చూపాలి.

యాగంటి గుడిలోని రాతి నంది బసవన్న ఇరవై ఏళ్లకు అంగుళం పెరుగుతాడని మా వైపు చెప్పుకుంటారు. రోజుకొక ఫ్రేము చొప్పున 20 ఏళ్లు తీస్తే సుమారు 7,300 ఫ్రేములు. సెకనుకు 25 చొప్పున పరిగెత్తిస్తే ఐదు నిమిషాలకు కాస్త తక్కువ వీడియో, అందులో కదలిక ఒక్క అంగుళం. ఆ ఓపికున్నవాళ్లు ఈపాటికే మొదలుపెట్టి ఉండాల్సింది!

తిరునాళకు అంత ఓపిక అక్కర్లేదు గానీ లెక్క ఇదే. గంటసేపు తీయాలనుకుందాం. రెండు సెకన్లకొక ఫొటో పడితే 1,800 ఫొటోలు, 72 సెకన్ల వీడియో. ఐదు సెకన్లకొకటైతే 720 ఫొటోలు, అర నిమిషం లోపే. పది సెకన్లకొకటైతే పద్నాలుగు సెకన్లలో సరి. జనం అదే, గంట అదే, తెరమీద మాత్రం మూడు వేరువేరు తిరునాళ్లు. రెండు సెకన్ల ఎడంలో మనిషి మనిషిగానే ఉంటాడు, నెత్తిన మూట, చంకలో బిడ్డ గుర్తుపట్టొచ్చు. ఐదులో గుంపు నడక తెలుస్తుంది. పదికి పోతే నడిచే మనిషి ఒక ఫ్రేములో ఉండి తర్వాతి ఫ్రేముకు కనబడడు.

ఐఫోన్‌లో ఉన్న మామూలు టైమ్‌లాప్స్‌లో ఈ ఎడం మన చేతిలో ఉండదు. ఎంతసేపు తీసినా చివరికి అర నిమిషం అటూఇటుగా వచ్చేలా ఫోనే ఎడం పెంచుకుంటూ పోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వేగం ఎంచుకోవచ్చు. అది కూడా చాలదనుకుంటే ఎడం మనమే పెట్టుకునే యాప్ గానీ, ఆ వసతి ఉన్న కెమెరా గానీ కావాలి.

నగరాలను తీసినవాళ్ల పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదని నా అభిప్రాయం. 1982లో వచ్చిన ‘కొయానిస్‌కాట్సి’ సినిమాలో స్టేషన్లలో, మెట్ల మీద జనం మరలో సరుకులా పారుతుంటారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఆ జనం ఎక్కడికో పోవాలని వచ్చినవాళ్లు. బేతంచెర్ల మండలం ఆర్‌.ఎస్‌. రంగాపురం దగ్గర కొండల్లో మద్దిలేటి నరసింహస్వామి గుడికి శనివారం వచ్చే జనం అలా కాదు. వచ్చినచోటే నిలబడతారు, కూర్చుంటారు, ఎదురుచూస్తారు, తెలిసినవాళ్లు ఎదురైతే దారి మధ్యలోనే మాటల్లో పడతారు. ఇక్కడ చూడాల్సింది పారడం కాదు, ఆగడం.

ఆగినవాళ్లను పట్టుకోవడం షట్టరు పని. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫొటో తీస్తే వీధి ఖాళీగా పడింది. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టే కాలం కాబట్టి, కదిలేవాళ్లెవరూ అంటలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మాత్రం నిలిచాడు. మనమూ అదే చేయొచ్చు. ఎడంలో సగంసేపు షట్టరు తెరిచి ఉంచాలన్నది వాడుక. రెండు సెకన్ల ఎడానికి ఒక సెకను. రాయలసీమ ఎండలో సెకను తెరిస్తే చిత్రం తెల్లగా మాడిపోతుంది కనుక లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టరు అనే నల్లద్దం బిగించాలి. అప్పుడు నడిచేవాళ్లు చెరిగిన గీతలవుతారు. గాజుల అంగడి మనిషి, బొరుగులు కొలిచే అవ్వ, తాడు పట్టుకున్న కానిస్టేబులు చెక్కుచెదరకుండా ఉంటారు. తిరునాళను మోసేది వాళ్లే. ఇంకో లాభం కూడా ఉంది. తలనీలాలిచ్చి వచ్చే ఆడవాళ్ల మొహాలు ఎవరి ఫోన్లోకీ ఎక్కవు.

వెలుగు, ఫోకస్, రంగు మూడూ చేత్తో బిగించేయాలి. ఆటోలో వదిలితే తెల్లపంచెల గుంపు దగ్గరికి రాగానే చిత్రం నల్లబడుతుంది, గుంపు పోగానే తేటపడుతుంది. అన్నీ కలిపి చూస్తే చెడిపోయిన ట్యూబులైటు కింద కూర్చున్నట్టుంటుంది. ఫోన్లోనైతే తెరమీద వేలు అదిమి పట్టి వెలుగు, ఫోకస్‌లకు తాళం వేయాలి. ఫోను రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

ఇక నిలబెట్టే చోటు. మిద్దెపైన అయితే మంచిది, పిల్లలు ఎక్కకుండా ఉంటేనే. నాపబండ పరిచిన పాత మిద్దెపైన ఒకరు పరిగెత్తినా స్టాండుకు తెలుస్తుంది. స్టాండు నడుముకు బరువు వేలాడదీయమని పుస్తకాల్లో ఇసుక సంచి రాస్తారు. నాపబండల ఊరు బేతంచెర్లలో ఇసుక వెతుక్కునే పనేముంది, సంచిలో నాలుగు బండముక్కలు వేస్తే చాలు. అదే బండ పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర మాత్రం పగవాడు. లెన్సు మీద తెల్లటి దుమ్ము పరుచుకుంటే ఎదురెండలో బొమ్మంతా పొగమంచు కమ్మినట్టవుతుంది. మెత్తటి గుడ్డ జేబులో ఉండాలి. మార్చి దాటాక ఎండ ఇంకో తంటా. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటనిచోట వాడమని ఆపిలే చెబుతుంది. కర్నూలు వైపు ఎండ 40 దాటడం మామూలే. ఫోనుకు గొడుగు పట్టాలి, నవ్వేవాళ్లు నవ్వనీ.

తేరు దగ్గర ఎడం మరీ చిక్కు. అహోబిలంలో ఫాల్గుణ బ్రహ్మోత్సవాలైనా, ఇంకే ఊరి తిరునాళైనా, తేరు ఒక్క ఊపున సాగదు. పగ్గాలు బిగుసుకుంటాయి, కేక పడుతుంది, నాలుగు గజాలు నడిచి ఆగుతుంది. చక్రం పక్కనే వంగి చెక్కదిమ్మలు తోసేవాళ్లుంటారు. తేరు ఎటు మళ్లాలో, ఎక్కడ నిలవాలో వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఐదు సెకన్ల ఎడంలో తేరు దానంతటదే జారుకుంటూ వచ్చేస్తుంది, వీళ్లు లేనట్టే. సెకనుకొకటి పెడితే దిమ్మ లోపలికి పోవడం, చక్రం దానికి ఒరుసుకుని తిరగడం, చివరి క్షణంలో చెయ్యి వెనక్కి రావడం కనబడతాయి. వీడియో పొడుగవుతుంది, కానివ్వండి.

టైమ్‌లాప్స్ తీయకూడని చోటు కూడా మన జిల్లాల్లోనే ఉంది. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. కర్రలు, కాగడాలు, పగిలే తలలు. రాత్రిపూట షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే కాగడాలన్నీ కలిసి కొండ కింద నిప్పుల ఏరై పారతాయి. దెబ్బ తిన్నవాడు ఏ ఫ్రేములోనూ మిగలడు. అంత అందం అబద్ధం. అక్కడ మామూలు వీడియోనే నిజాయితీ.

ఇంతకీ ఈ తంటా ఎందుకు? వేగం పెంచితేనే బయటపడే సంగతులున్నాయి. 2006 జనవరి 12న మక్కా దగ్గర మినాలో జమరాత్ వంతెన వద్ద తొక్కిసలాటలో 340 మందికి పైగా చనిపోయారు. అక్కడి కెమెరాల వీడియోలను డర్క్ హెల్బింగ్, ఆయన తోటి పరిశోధకులు వేగం పెంచి చూశారు. మొదట సాఫీగా సాగిన జనం, తర్వాత ఆగుతూ కదులుతూ అలలుగా మారడం, ఆపైన ఎవరి అదుపూ లేకుండా నలుదిక్కులకూ నెట్టుకుపోవడం అప్పుడు తెలిసింది. ఆగి కదిలే అల మొదలైందంటే ప్రమాదం దగ్గర పడుతోందని వాళ్లు తేల్చారు. నేలమీద ఉన్నవాడికి అది అల అని తెలియదు, ‘కొంచెం ఆగింది’ అనుకుంటాడంతే. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో 27 మందిని పోగొట్టుకున్న మనకు ఈ సంగతి పట్టాలి.

అందుకే తిరునాళ తీసినవాళ్లు పాట కలిపి స్టేటస్ పెట్టుకోవడంతో సరిపెట్టకుండా, పాట లేని కాపీ ఒకటి గుడి ఆఫీసులో ఇస్తే బాగుంటుంది. క్యూ ఎక్కడ ఆగి కదులుతోందో, దర్శనానికి పోయేవాళ్లూ తిరిగొచ్చేవాళ్లూ ఎక్కడ ఎదురుపడుతున్నారో, చెప్పుల స్టాండు దారికి ఎంత అడ్డమో అందులో కనబడుతుంది. వీడియో తయారయ్యాక అసలు ఫొటోల ఫోల్డరు చెరిపేయొద్దు. తీసిన సమయం ఒక్కో ఫొటోలోనూ సెకన్లతో సహా నమోదై ఉంటుంది. చిక్కు ఏ గంటకు మొదలైందో అడిగితే చెప్పగలిగేది ఆ ఫోల్డరే.